ఇంటర్వ్యూలో నోరెందుకు పెగలదు?

సబ్జెక్టు వచ్చినా నలుగురి ముందు మాట రాకపోవడం చేతకానితనం కాదంటున్నాయి మెదడు మీద జరిగిన పరిశోధనలు. అసలు బ్రెయిన్ మ్యాపింగ్ ఏం చూపిస్తుంది? దాంతో సోషల్ యాంగ్జైటీ తగ్గుతుందా? ప్లేస్‌మెంట్ల ముందు మనం దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు?

గ్రూప్ డిస్కషన్ అంటే ఎనిమిది మంది, ఒక టాపిక్, పది నిమిషాలు. మొదటి నిమిషంలోనే ఇద్దరు అందుకుంటారు. ఇంకో ముగ్గురు సందు చూసుకుని మధ్యలో దూరతారు. మిగతా ముగ్గురికీ చెప్పాల్సిన పాయింట్లు మనసులో సిద్ధంగానే ఉంటాయి. కానీ గుండె దడదడలాడుతుంది. నాలుక పిడచకట్టుకుపోతుంది. ‘ఇప్పుడు మాట్లాడితే ఏమనుకుంటారో’ అనుకునేలోపు టైమ్ అయిపోతుంది. బయటికొచ్చాక అవే పాయింట్లు ఫ్రెండ్‌కి గడగడా చెప్పేస్తారు.

ఎచ్చెర్ల చుట్టుపక్కల చదివేవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క మండలంలోనే అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది, ఎస్.ఎం.పురంలో ట్రిపుల్‌ఐటీ ఉంది, చిలకపాలెంలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. వీటిలో చదివేవాళ్లలో చాలామంది పల్లెటూరి సర్కారు బడి నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లూ తక్కువేం కాదు. ఇంగ్లిష్ భయానికి తోడు మరో భయం ఉంటుంది: మాటల్లో ‘ఏటి’, ‘ఎలగ’ దొర్లితే నవ్వుతారేమోనని. కోడింగ్ టెస్టు దాటి, రిటెన్ టెస్టు దాటి, చివరికి నోరు తెరవాల్సిన రౌండ్‌లో ఆగిపోతే ఎంత కష్టం! ఆగిపోయినవాళ్లకు అందరూ చెప్పేది ఒకటే: ‘కొంచెం ధైర్యం తెచ్చుకోవాలి’. ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ సంగతి చెప్పడానికి మెదడు మ్యాపులు కొంత సాయపడతాయి. కొంతవరకే. ఆ ‘కొంత’ ఎంతో తెలిస్తే మన డబ్బూ మిగులుతుంది, భయమూ తగ్గుతుంది.

బిడియం వేరు, ఇది వేరు

కొత్తవాళ్ల ముందు మొహమాటం ఎవరికైనా ఉంటుంది. ఇంటర్వ్యూ ముందు చేతులు చల్లబడటం జబ్బేం కాదు. పది నిమిషాలు మాట్లాడాక చాలామందికి అదే సర్దుకుంటుంది.

సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ దీనికంటే లోతైనది. నలుగురూ మనల్ని గమనిస్తారు, తక్కువ చేస్తారు, నవ్వుతారు అన్న భయం నెలల తరబడి వెంటాడుతుంది. ఆ భయంతో సెమినార్ ఉన్నరోజు కాలేజీ మానేస్తారు. వైవా అంటే జ్వరం వస్తుంది. మెస్‌లో ఒక్కరే తినాల్సి వస్తే ప్లేటు రూమ్‌కి తెచ్చుకుంటారు. ఆరు నెలలు, అంతకు మించి ఇలాగే సాగుతూ చదువుకో, పనికో, స్నేహాలకో అడ్డుపడుతుంటే డాక్టర్లు దాన్ని చికిత్స అవసరమైన సమస్యగా చూస్తారు.

అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వాడే డీఎస్‌ఎం పుస్తకంలో ఇది ‘సోషల్ ఫోబియా’ పేరుతో 1980లో చేరింది. 1987లో మైకేల్ లీబోవిట్జ్ అనే సైకియాట్రిస్టు దీన్ని కొలవడానికి ఒక స్కేలు తయారు చేశారు. ఫోన్లో మాట్లాడటం, నలుగురిలో తినడం, పైఅధికారితో మాట్లాడటం, రిపోర్టు చదివి వినిపించడం లాంటి 24 సందర్భాలు అందులో ఉంటాయి. ఒక్కోదానికి ఎంత భయం, ఎంతగా తప్పించుకుంటున్నారు అని రెండు మార్కులు వేస్తారు. ఈ రెండో మార్కు చాలా ముఖ్యం. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

ఇంకో మాట. ఈ సమస్య ఎక్కువమందిలో టీనేజ్‌లోనే మొదలవుతుంది. అంటే ఫైనల్ ఇయర్‌లో బయటపడే భయానికి వేళ్లు హైస్కూల్లోనే ఉండొచ్చు. అన్నేళ్లపాటు ‘మావాడు నెమ్మది’, ‘మా అమ్మాయికి సిగ్గెక్కువ’ అని ఇంట్లో సరిపెట్టుకుంటారు.

పేపర్లో చదివిన బ్రెయిన్ మ్యాపింగ్ ఇది కాదు

తెలుగు పేపర్లు చదివేవాళ్లకు బ్రెయిన్ మ్యాపింగ్ అనగానే క్రైమ్ వార్తలే గుర్తొస్తాయి. నార్కో ఎనాలిసిస్, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ అని మూడూ కలిపి రాసేవాళ్లు. నిందితుడి తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, నేరానికి సంబంధించిన మాటలు వినిపించి, మెదడు స్పందనను నమోదు చేసే పరీక్ష అది. మనిషి ఇష్టం లేకుండా ఈ మూడింటిలో ఏదీ చేయకూడదని సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో తీర్పు చెప్పింది.

సైన్స్ ల్యాబుల్లో చేసే మ్యాపింగ్ ఉద్దేశం వేరు. మెదడులో ఏ భాగం ఎక్కడ ఉంది, ఏ పని చేసేటప్పుడు ఏది చురుగ్గా ఉంటుంది, ఏ భాగం ఏ భాగంతో మాట్లాడుకుంటోంది అన్నది తెలుసుకోవడమే ఆ పని. అందులో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది ఈఈజీ. జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేశారు. నెత్తి మీద పెట్టిన ఎలక్ట్రోడ్లు వోల్టులో పది లక్షల వంతుల్లో ఉండే విద్యుత్తును పట్టుకుంటాయి. ఈసీఈ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, నాయిస్‌లో మునిగిపోయిన చాలా బలహీనమైన సిగ్నల్ అది. మార్పు ఎప్పుడు జరిగిందో మిల్లీసెకన్లలో చెబుతుంది. ఎక్కడ జరిగిందో మాత్రం కచ్చితంగా చెప్పలేదు.

రెండోది ఎఫ్‌ఎంఆర్‌ఐ. జపాన్ శాస్త్రవేత్త సేయిజి ఒగావా 1990లో దీనికి పునాది వేశారు. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ అయస్కాంత గుణం వేరు. ఆ తేడానే స్కానర్ కొలుస్తుంది. నిజానికి ఇది కొలిచేది రక్తప్రవాహాన్ని, ఆలోచనను కాదు. పైగా ఆ రక్తం పెరగడానికి ఐదారు సెకన్లు పడుతుంది. బొమ్మలో కనిపించే ఒక్కో చిన్న గడిలో లక్షల నాడీకణాలుంటాయి. ఎర్రగా, పసుపుగా కనిపించే మచ్చలు గణాంకాలు వేశాక కంప్యూటర్ పూసిన రంగులు.

ఈ పరిమితులు గుర్తుంచుకుని ముందుకెళ్దాం.

మెదడులో మోగే అలారం

మెదడు లోపల, రెండు చెవుల వైపూ ఒక్కోటి చొప్పున బాదంపప్పు ఆకారంలో చిన్న భాగాలుంటాయి. పేరు అమిగ్డాలా. గ్రీకు భాషలో బాదం అనే అర్థం. దారిలో పాము కనబడితే ఆలోచించేలోపే కాలు వెనక్కి వేయించే అలారం వ్యవస్థలో దీనిది పెద్ద పాత్ర.

2002లో అమెరికాలో ముర్రే స్టీన్ బృందం సోషల్ ఫోబియా ఉన్నవాళ్లకు స్కానర్‌లో రకరకాల ముఖాల ఫొటోలు చూపించింది. కోపంగా, చిన్నచూపుగా ఉన్న ముఖాలు చూసినప్పుడు వాళ్ల అమిగ్డాలా మిగతావాళ్లకంటే ఎక్కువగా స్పందించింది. ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు చాలా జరిగాయి. 2007లో అమిత్ ఎట్కిన్, టోర్ వేజర్ ఆ అధ్యయనాలన్నింటినీ కలిపి చూశారు. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లలో అమిగ్డాలాతోపాటు ఇన్సులా అనే భాగం కూడా అతిగా స్పందిస్తోందని తేలింది. గుండె వేగం, కడుపులో తిప్పడం లాంటి ఒంటి లోపలి కబుర్లను గమనించే భాగం ఇన్సులా.

ఇప్పుడు ఇంటర్వ్యూ గది గుర్తు తెచ్చుకోండి. ప్యానెల్‌లో ఒకాయన ల్యాప్‌టాప్ చూస్తూ కనుబొమలు ముడిచారు. బహుశా వైఫై రావట్లేదేమో. కానీ మన మెదడు దాన్ని ‘నా జవాబు నచ్చలేదు’ అని చదువుకుంటుంది. అలారం మోగుతుంది. గుండె వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని ఇన్సులా పట్టుకుంటుంది. ‘గుండె కొట్టుకుంటోందంటే నేను తడబడుతున్నట్టే’ అని భయం రెట్టింపవుతుంది. నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఈ అలారాన్ని సర్దిచెప్పి తగ్గించాలి. జవాబు వెతికి, వాక్యం కూర్చి పెట్టేదీ ఎక్కువగా అదే. రెండు పనులూ ఒకేసారి మీద పడితే తెలిసిన జవాబు కూడా నోటికి రాదు.

అందుకే ‘వాడికి సబ్జెక్టు రాదు’ అనడం చాలాసార్లు పొరపాటు అంచనా. సబ్జెక్టు ఉంది. అలారం మోత మధ్య అది వినపడటం లేదంతే.

తొమ్మిది వారాల్లో మారిన మెదడు

ఇక్కడిదాకా చదివి ‘అయితే నా మెదడే ఇంత, ఏం చేస్తాం’ అనుకోవద్దు. మెదడు మ్యాపులు చెప్పిన అసలు మంచి కబురు ఇప్పుడొస్తోంది.

స్వీడన్‌లోని ఉప్సాలాలో తోమస్ ఫుర్‌మార్క్ బృందం 2002లో ఒక ప్రయోగం ప్రచురించింది. సోషల్ ఫోబియా ఉన్న 18 మందిని తీసుకున్నారు. పెట్ స్కానర్‌లో ఉండగా, కొందరు మౌనంగా చూస్తుంటే వాళ్లు ఒక చిన్న ప్రసంగం చేయాలి. భయపడేవాళ్లకు అంతకంటే పరీక్ష ఏముంటుంది! ఆ సమయంలో మెదడులో రక్తప్రవాహం ఎలా ఉందో కొలిచారు. తర్వాత వాళ్లను మూడు జట్లు చేశారు. ఆరుగురికి సిటలోప్రామ్ అనే మందు, ఆరుగురికి గ్రూపుగా సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. మిగతా ఆరుగురూ వెయిటింగ్ లిస్టు. తొమ్మిది వారాల తర్వాత మళ్లీ అదే స్కానర్, మళ్లీ ప్రసంగం.

మందు తీసుకున్నవాళ్లలోనూ, థెరపీకి వెళ్లినవాళ్లలోనూ భయం తగ్గింది. రెండు జట్లలోనూ అమిగ్డాలా, దాని చుట్టుపక్కల భాగాల్లో ఉద్రేకం తగ్గింది. ఊరికే ఎదురుచూసిన జట్టులో అలాంటి మార్పు రాలేదు. అంతేకాదు, ఆ ఉద్రేకం బాగా తగ్గినవాళ్లే ఏడాది తర్వాత కూడా బాగున్నారు.

ఇందులో మనం పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. థెరపీ జట్టులో ఎవరూ మెదడును ముట్టుకోలేదు. కరెంటు పెట్టలేదు, మందు వేయలేదు. మాటలు, సాధన, భయపడే పనిని మళ్లీ మళ్లీ చేయడం. అయినా స్కానర్‌లో తేడా కనిపించింది. 2016లో స్వీడన్‌లోనే క్రిస్టోఫర్ మాన్సన్ బృందం 26 మందితో మరో ప్రయోగం చేసింది. తొమ్మిది వారాలు ఇంటర్నెట్ ద్వారానే సీబీటీ తీసుకున్నవాళ్లలో అమిగ్డాలా స్పందనతోపాటు దాని పరిమాణం కూడా కొంచెం తగ్గినట్టు కనిపించింది. ఇవి చిన్న ప్రయోగాలే. కానీ చెబుతున్న దిక్కు ఒకటే: భయం నేర్చుకున్నదైతే, సాధనతో దాన్ని తగ్గించుకోవచ్చు.

హైదరాబాద్‌లో గీసిన మన మ్యాపు

మ్యాపింగ్ అంటే అంతా విదేశాల్లోనే అనుకోకండి. మెదడు స్కాన్లు పోల్చాలంటే ముందు ఒక ప్రామాణిక మ్యాపు కావాలి. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ చేసిన నమూనా. అది పాశ్చాత్యుల మెదళ్ల సగటు. మన స్కాన్‌ను దానిమీద పెడితే సరిగ్గా అతకదు. కుట్టుకూలీ మిగులుతుందని వేరేవాళ్ల కొలతలతో చొక్కా కొనుక్కున్నట్టే.

ఈ లోటు తీర్చడానికి హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ డాక్టర్లతో కలిసి 2019లో భారతీయుల మెదడు అట్లాస్‌ను తయారు చేసింది. 50 మంది పురుషులు, 50 మంది మహిళల ఎంఆర్‌ఐ స్కాన్లు తీసుకున్నారు. అందరూ 21 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లు. అంటే సరిగ్గా ఈ పేజీ చదివేవాళ్ల వయసు. మన సగటు మెదడు పొడవు, వెడల్పు, ఎత్తు పాశ్చాత్యుల కంటే, చైనా, కొరియా వాళ్ల కంటే కూడా కొంచెం తక్కువని తేలింది. దీన్ని తెలివితేటలతో ముడిపెట్టి మీమ్స్ చేసుకోనక్కర్లేదు, ఆ రెండింటికీ సంబంధం లేదు. అసలు ఉపయోగం వేరే ఉంది. పాశ్చాత్య కొలతతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న మన మెదడు కూడా కుంచించుకుపోయినట్టు కనిపించే ప్రమాదముంది. మన అట్లాస్ ఆ పొరపాటును తప్పిస్తుంది.

మ్యాపు చెప్పలేనిది

‘అయితే నేనూ స్కాన్ తీయించుకుంటే తెలిసిపోతుంది కదా!’ అని అడగొచ్చు. తెలియదు. పైన చెప్పిన ఫలితాలన్నీ జట్ల సగటులు. భయం ఉన్న జట్టు సగటు, లేని జట్టు సగటు కంటే ఎక్కువ అన్నదే వాటి అర్థం. రెండు జట్లలోనూ ఒకేలా కనిపించే మెదళ్లు బోలెడుంటాయి. ఒక్క మనిషి స్కాన్ చూసి ఇతనికి సోషల్ యాంగ్జైటీ ఉంది, ఇతనికి లేదు అని చెప్పగల పరీక్ష ఇవాళ్టికి లేదు. నిర్ధారణ జరిగేది డాక్టరో, క్లినికల్ సైకాలజిస్టో కూర్చోబెట్టి మాట్లాడాకే.

డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఒకే ఎఫ్‌ఎంఆర్‌ఐ డేటాను 70 పరిశోధక బృందాలకిచ్చి, అవే తొమ్మిది ప్రశ్నలకు జవాబులు అడిగారు. ఏ రెండు బృందాలూ ఒకే పద్ధతిలో విశ్లేషించలేదు. కొన్ని ప్రశ్నలకు జవాబులూ కలవలేదు. 2020లో నేచర్ పత్రికలో వచ్చిందిది. రంగురంగుల బొమ్మ చూడగానే నమ్మేయకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అలాగని అంతా వృథా అని కాదు. ఎవరికి ఏ చికిత్స పనిచేస్తుందో ముందే చెప్పగలమా అన్న దిశగా మంచి ప్రయత్నాలు జరుగుతున్నాయి. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనంలో 38 మంది రోగుల మెదడు కనెక్షన్లను చికిత్సకు ముందే చూశారు. సీబీటీతో ఎవరు ఎంత కోలుకుంటారన్న అంచనా, కేవలం లీబోవిట్జ్ స్కేలు మార్కులతో వేసిన దానికంటే ఐదు రెట్లు మెరుగైందని 2016లో ప్రచురించారు. వేల మందిలో ఇది నిలబడితే అప్పుడు ఆసుపత్రికి వస్తుంది. ఇంకా రాలేదు.

ఈలోపు మార్కెట్ మాత్రం మన దగ్గరికి వచ్చేసింది. ‘వేలిముద్రలతో మీ మెదడు మ్యాపు, మీకు తగిన కెరీర్’ అంటూ వేలకు వేలు తీసుకునేవాళ్లున్నారు. వేలి గీతల్లో మెదడు సామర్థ్యం కనబడుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. అది జాతకానికి కలర్ ప్రింటవుట్ లాంటిది. తలకు సెన్సర్లు పెట్టి ‘పది సిట్టింగుల్లో స్టేజ్ ఫియర్ మాయం’ అనే న్యూరోఫీడ్‌బ్యాక్ ప్యాకేజీల విషయంలోనూ జాగ్రత్త. పరిశోధన జరుగుతోంది, సోషల్ యాంగ్జైటీకి ఇది నిరూపితమైన మొదటి చికిత్స అని చెప్పే పరిస్థితి లేదు. అయస్కాంత తరంగాలతో చేసే టీఎంఎస్‌ను అమెరికాలో 2008లో డిప్రెషన్‌కు అనుమతించారు, సోషల్ యాంగ్జైటీకి కాదు. ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ రిపోర్టు వల్ల నా చికిత్సలో ఏం మారుతుంది?’ సూటిగా జవాబు రాకపోతే పర్సు జేబులోనే ఉంచుకోండి.

మరి మనం చేయగలిగిందేంటి?

బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2013లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకు మొదట ఇవ్వాల్సింది ఒక్కొక్కరికీ విడిగా చేసే సీబీటీ అని ఉంది. ఆ పద్ధతిలోని సూత్రాలు తెలుసుకుంటే తక్కువ స్థాయి భయాన్ని మనమే పట్టుదలగా తగ్గించుకోవచ్చు.

తప్పించుకోవడం ఆపాలి. లీబోవిట్జ్ స్కేలులో రెండో మార్కు ముఖ్యం అన్నది ఇందుకే. సెమినార్ ఎగ్గొట్టిన ప్రతిసారీ హాయిగా అనిపిస్తుంది. ఆ హాయే మెదడుకు పాఠం నేర్పుతుంది: ‘చూశావా, తప్పించుకున్నాం కాబట్టి బతికాం’. అలారం ఇంకా గట్టిపడుతుంది.

మెట్లు కట్టుకోవాలి. భయం తక్కువ నుంచి ఎక్కువకు ఒక జాబితా రాసుకోండి. ఉదాహరణకు, చిలకపాలెం జంక్షన్‌లో తెలియని మనిషిని బస్సు గురించి అడగడం. క్లాసులో ఒక డౌటు అడగడం. ఇద్దరు ఫ్రెండ్స్ ముందు ఒక నిమిషం మాట్లాడటం. ల్యాబ్‌లో సార్‌కి ప్రాజెక్టు వివరించడం. పదిమంది ముందు ఐదు నిమిషాల సెమినార్. సీనియర్లతో మాక్ జీడీ. ఒక్కో మెట్టు విసుగు పుట్టేదాకా మళ్లీ మళ్లీ ఎక్కాలి. విసుగు పుట్టిందంటే అలారం చల్లబడినట్టే.

ముందు అనుకున్నది, తర్వాత జరిగింది రాయాలి. ‘నేను డౌటు అడిగితే అందరూ నవ్వుతారు’ అని ముందే నోట్‌బుక్‌లో రాయండి. క్లాసయ్యాక నిజంగా ఎంతమంది నవ్వారో రాయండి. ఇరవై ఎంట్రీలు అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే మీ డేటా మీకే కనబడుతుంది.

దొంగ ఊతకర్రలు వదలాలి. జవాబులు బట్టీ పట్టడం, కళ్లలోకి చూడకపోవడం, పెన్ను గట్టిగా పట్టుకోవడం, త్వరగా అయిపోవాలని గబగబా మాట్లాడటం... ఇవన్నీ కాపాడుతున్నట్టే ఉంటాయి. నిజానికి ఎదుటివాళ్లకు మనం ముభావంగా, పొడిపొడిగా కనిపించేది వీటివల్లే. ఈ కిటుకు పట్టుకున్నవాళ్లు బ్రిటిష్ సైకాలజిస్టులు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్ల దృష్టంతా తమ మీదే ఉంటుందని 1995లో వాళ్లు వివరించారు. మందు కూడా అక్కడే ఉంది. ‘నేనెలా కనిపిస్తున్నాను’ నుంచి ‘ఆయన ఏం అడుగుతున్నారు’ మీదకు దృష్టి మళ్లించడం సాధన చేయాలి.

ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. చూసే ముందు మీకు మీరే మార్కులు వేసుకోండి. తర్వాత వేరే ఎవరినో చూస్తున్నట్టు చూడండి. లోపల అనిపించినంత వణుకు బయటికి కనబడదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో చేసిన ప్రయోగాల్లో, ప్రసంగించినవాళ్లు తమ కంగారు శ్రోతలకు కనబడిందని అనుకున్నంత, శ్రోతలకు కనబడలేదు. ఈ సంగతి ముందే చెప్పినప్పుడు వాళ్లు ఇంకా బాగా మాట్లాడారు కూడా.

ఇక యాస సంగతి. మన ఉత్తరాంధ్ర మాట తక్కువది కాదు, దాన్ని దాచుకోవడానికి పడే తంటాయే మన బుర్రలో సగం తినేస్తుంది. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ అడిగితే చిన్న చిన్న వాక్యాల్లో స్పష్టంగా చెప్పండి. మాట ఆగితే ఆగనివ్వండి. రెండు సెకన్ల మౌనం మనకే యుగంలా ఉంటుంది, వినేవాళ్లకు ఆలోచిస్తున్నట్టుంటుంది.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

భయంతో పరీక్షలు, ఇంటర్వ్యూలు మానేస్తున్నా, నిద్ర, తిండి దెబ్బతింటున్నా, బతకడం దండగ అన్న ఆలోచన వస్తున్నా సొంత వైద్యం చాలదు. వెంటనే సాయం అడగాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ‘ఫోన్ చేయడమే భయం’ అనేవాళ్లు ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. మీ మెట్ల జాబితాలో అదీ ఒక మెట్టే. నేరుగా చూపించుకోవాలంటే శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. ఇంటర్వ్యూ ముందు వణుకు తగ్గుతుందని ప్రొప్రనొలోల్ మాత్ర చేతులు మారుతుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదకు తెస్తుంది. సిటలోప్రామ్ లాంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు బాగా పనిచేస్తాయి, కానీ ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి. ధైర్యం కోసం రెండు పెగ్గులు వేసుకోవడం కూడా తప్పించుకోవడంలో ఒక రకమే.

‘సైకియాట్రిస్టు దగ్గరికెళ్తే కాలేజీకి తెలుస్తుందా, ఉద్యోగం పోతుందా?’ అనేది చాలామంది అనుమానం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. ప్రభుత్వ సేవల్లో చికిత్స పొందడం కూడా హక్కే.

ఈ రంగంలోనే ఉద్యోగం కావాలంటే...

* బీటెక్ సీఎస్‌ఈ, ఈసీఈ, ట్రిపుల్‌ఈ వాళ్లకు మెదడు డేటా మంచి దారి. సిగ్నల్ ప్రాసెసింగ్, స్టాటిస్టిక్స్, పైథాన్ గట్టిగా రావాలి. ఎఫ్‌ఎంఆర్‌ఐకి నైలెర్న్, ఈఈజీకి ఎంఎన్‌ఈ పైథాన్ లైబ్రరీలు ఉచితం. ఓపెన్‌న్యూరో సైట్‌లో నిజమైన స్కాన్ల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇంతకంటే ఏం కావాలి!

* పరిశోధన చేయాలనుకుంటే హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో బాపిరాజు సూరంపూడి నడిపే కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉన్నాయి. ఐఐటీ మద్రాసులో మెదడును కంప్యూటర్ మోడళ్లతో అధ్యయనం చేసే వి.శ్రీనివాస చక్రవర్తి తెలుగులో సైన్స్ రచనలు కూడా చేస్తారు. బెంగళూరు నిమ్హాన్స్, హరియాణా మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌లలోనూ పీహెచ్‌డీ అవకాశాలున్నాయి.

* బీఎస్సీ రేడియాలజీ ఇమేజింగ్ చేసినవాళ్లు ఎంఆర్‌ఐ టెక్నాలజిస్టులుగా, న్యూరో టెక్నాలజీ కోర్సులు చేసినవాళ్లు ఈఈజీ టెక్నీషియన్లుగా ఆసుపత్రుల్లో చేరొచ్చు.

* థెరపీ చేయాలనుంటే సైకాలజీ చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు పూర్తిచేసి రిజిస్టరవ్వాలి. మీరు థెరపిస్టు దగ్గరికి వెళ్లినా ఈ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి.

క్యాంపస్‌కి కంపెనీలు రావడానికి ఇంకా టైముంటే తొమ్మిది వారాలు లెక్కేసుకోండి. ఈ వారం జాబితాలో అన్నిటికంటే చిన్న మెట్టు చాలు. రేపు క్లాసులో ఒక్క డౌటు అడగండి, తర్వాత నోట్‌బుక్ తీసి ఎంతమంది నవ్వారో రాసుకోండి.